బాడీ మారిస్తే పిట్ట దగ్గరికి వస్తుందా?

నా దగ్గర ఉన్నది నికాన్ డీ500. 2016 జనవరిలో ప్రకటించిన కెమెరా అది. నేను కొన్నది 2018లో. కొన్ననాటి నుంచీ దాని ముందు ఉంటున్నది ఒకటే లెన్సు, 200-500 మిల్లీమీటర్ల ఎఫ్/5.6. ఈ జంటను భుజాన వేసుకుని ఏడు శీతకాలాలుగా నేలపట్టు చెరువు కట్ట మీదా, సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు వారన పులికాట్ ఒడ్డునా తెల్లవారుజాములు గడుపుతున్నాను. ఇన్నేళ్లలో ఎన్నడూ బాధించని ప్రశ్న మొన్నటి సంక్రాంతికి ఇంటికి వచ్చింది: బాడీ, అంటే లెన్సు తీసేస్తే మిగిలే కెమెరా పెట్టె, మార్చాలా, వద్దా?

ఆ ప్రశ్న నాకై నాకు పుట్టింది కాదని ముందే ఒప్పుకుంటాను. పండక్కి బెంగళూరు నుంచి వచ్చిన మా మేనల్లుడు తన నికాన్ జెడ్8 కెమెరా తెర మీద ఒక చిన్న లకుముకి పిట్ట ఫొటో చూపించాడు. కంటిలో వెలుగు చుక్క, ముక్కు చివర నీటి బొట్టు, రొమ్ము మీద ఈకల పోగులు విడివిడిగా కనిపిస్తున్నాయి. "మామా, ఇంకా ఆ పాత పెట్టెతో ఎందుకు కష్టపడతావు? ఇది తీసుకో, పిట్ట కన్ను అదే వెతుక్కుంటుంది" అన్నాడు. వాడు మామూలుగా అన్న మాటే అయినా ఆ రాత్రి నేను నా ఫొటోలు తెరిచి, అదే జాతి పిట్టను నేను తీసినవి ఒక్కొక్కటే పెద్దవి చేసి చూసుకున్నాను. వాడి ఫొటో పక్కన నావి నీళ్లు కలిపిన పాలలా ఉన్నాయి.

జెడ్8 బాడీ 2023 మేలో విడుదలైనప్పుడు మన దేశంలో దాని ధర 3 లక్షల 40 వేలు దాటింది. జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పుకునే మనిషికి అది ఊరికే పెట్టే ఖర్చు కాదు. అయితే ధరను చూసి వెనక్కి తగ్గడం కూడా ఆలోచన అనిపించుకోదు; నిజంగా అవసరమైతే రెండేళ్లు కూడబెట్టి కొనవచ్చు. నేను తేల్చుకోవాలనుకున్నది వేరు. దూరంగా ఉన్న పక్షిని తీసే పనిలో నా ఫొటోలు చెడిపోతున్నది బాడీ వల్లనేనా అన్నది.

దానికి నేను ఎంచుకున్న దారి చాలా మోటుది. పోయిన సీజనులో నేను పక్కన పడేసిన ఫొటోల్లోంచి వరుసగా వంద తీసుకుని, ఒక్కొక్కటీ ఎందుకు పనికిరాకుండా పోయిందో నోటుపుస్తకంలో రాసుకున్నాను. మంచి ఫొటోలను చూసుకుంటే కెమెరా ఏం చేయగలదో తెలుస్తుంది గానీ, కొత్తది కొనాలో వద్దో తేల్చేవి చెడిపోయినవే. నా లెక్క ఇలా వచ్చింది. 38 ఫొటోల్లో పక్షి మరీ చిన్నది, కత్తిరించి పెద్దది చేస్తే ఈకల వివరమే మిగల్లేదు. 27 ఫొటోల్లో పక్షి తగినంత పెద్దగానే ఉంది కానీ ఎండ సెగకు గాలి రెపరెపలాడి అంచులు కరిగిపోయాయి. అవన్నీ ఉదయం తొమ్మిది దాటాక తీసినవే. 14 నా చేతి తప్పులు, అంటే షట్టర్ వేగం చాలకపోవడమో, లెన్సు కదిలిపోవడమో. 12 ఫొటోల్లో ఫోకస్ పిట్టను వదిలి ముందున్న జమ్ము మీదనో, తోక మీదనో పడింది. 6 సార్లు అసలు క్షణమే దాటిపోయింది. నేను నొక్కేసరికి కొమ్మ ఖాళీ. మిగిలిన మూడింటికీ కారణం నాకే అర్థం కాలేదు.

కొత్త బాడీ కచ్చితంగా కాపాడగలిగేవి ఇందులో ఆ 12, ఆ 6. మొత్తం 18. మిగతా 82లో చాలావాటికి దాని చేతిలో మందు లేదు. కానీ ఈ మాట అంత తేలిగ్గా ఒప్పుకోబుద్ధి కాదు, ఎందుకంటే అంగట్లోనూ స్నేహితుల మధ్యా వినిపించే మాట దీనికి ఎదురుగా ఉంటుంది: "ఫుల్‌ఫ్రేమ్, పైగా 45 మెగాపిక్సెళ్లు, ఎంతైనా కత్తిరించుకోవచ్చు" అని. ఫుల్‌ఫ్రేమ్ అంటే నా కెమెరాలోని దానికంటే పెద్ద సెన్సర్, ఫొటో పడే పలక. ఆ మాటనే మొదట తూకం వేయాలి.

సెన్సర్ మీద పక్షి బొమ్మ ఎంత పరిమాణంలో పడుతుందో నిర్ణయించేవి మూడే: పక్షి పొడవు, లెన్సు ఫోకల్ లెంగ్త్, మన మధ్య దూరం. పొడవును ఫోకల్ లెంగ్త్‌తో గుణించి దూరంతో భాగిస్తే చాలు. చిన్న లకుముకి పొడవు 17 సెంటీమీటర్లు అనుకుందాం. అది నాకు 20 మీటర్ల దూరంలో కొమ్మ మీద కూర్చుంటే, 500 మిల్లీమీటర్ల దగ్గర నా సెన్సర్ మీద దాని బొమ్మ 4.25 మిల్లీమీటర్లు ఉంటుంది. ఈ లెక్కలో బాడీకి చోటే లేదు. సెన్సర్ పెద్దదైనా చిన్నదైనా ఆ బొమ్మ అంతే. బాడీ చేయగలిగింది ఒక్కటే: ఆ నాలుగుంబావు మిల్లీమీటర్లను ఎన్ని పిక్సెళ్లుగా ముక్కలు చేస్తుందన్నది.

డీ500 సెన్సర్ వెడల్పు 23.5 మిల్లీమీటర్లు, అందులో అడ్డంగా 5568 పిక్సెళ్లు. ఒక్కో పిక్సెల్ వెడల్పు 4.22 మైక్రాన్లు. జెడ్8 సెన్సర్ వెడల్పు 35.9 మిల్లీమీటర్లు, పిక్సెళ్లు 8256, ఒక్కోటి 4.35 మైక్రాన్లు. అంటే అదే లకుముకి నా పాత కెమెరాలో సుమారు 1007 పిక్సెళ్ల పొడవు ఉంటే, మూడు లక్షల పైచిలుకు కొత్త కెమెరాలో 977 ఉంటుంది. 21 మెగాపిక్సెళ్ల నుంచి 45కు ఎక్కితే పిట్ట ఒక వెంట్రుకవాసి చిన్నదవుతుంది! అదనంగా వచ్చిన మెగాపిక్సెళ్లన్నీ పిట్ట చుట్టూ ఉన్న నీళ్లకూ, జమ్ముకూ, ఆకాశానికీ పోతాయి. కత్తిరించేటప్పుడు మనం మొదట పారేసేవి అవే. జెడ్8నే చిన్న సెన్సర్ పద్ధతిలో, అంటే సెన్సర్ నడిమి భాగం వరకే, వాడితే మిగిలేది 19 మెగాపిక్సెళ్ల పైచిలుకే కాబట్టి ఇది నేను కల్పించిన చిక్కు కాదు, దాని లెక్కల్లోనే ఉన్నది.

మరి మేనల్లుడి ఫొటో అంత బాగా ఎలా వచ్చింది? ఫోను చేసి ఎంత దూరం నుంచి తీశావని అడిగాను. కర్ణాటకలో డబ్బు కట్టి, పక్షులకు కనబడకుండా కూర్చునే ఒక హైడ్‌లోంచి తీశాడట, ఎనిమిది మీటర్లు ఉంటుందన్నాడు. లెన్సు 180-600, దాన్ని 600 దాకా లాగి వాడాడు. ఇప్పుడు లెక్క వేయండి. వాడి సెన్సర్ మీద పిట్ట బొమ్మ 12.75 మిల్లీమీటర్లు, పిక్సెళ్లలో 2900కు పైనే. నా దానికి దాదాపు మూడింతలు. ఆ మూడింతల్లో రెండున్నర రెట్లు దూరం తగ్గడం వల్ల వచ్చింది, 1.2 రెట్లు లెన్సు వల్ల వచ్చింది, బాడీ వల్ల వచ్చింది మూడు శాతం నష్టం. నేను రాత్రంతా అసూయపడింది ఒక కెమెరాను చూసి కాదు, ఎనిమిది మీటర్ల దూరాన్ని చూసి.

ఫుల్‌ఫ్రేమ్‌లో గింజలు, అంటే నాయిస్, తక్కువ కదా అన్నది రెండో వాదం. ఫ్రేము నిండా పక్షి ఉన్నప్పుడు అది నిజం. కానీ కత్తిరించక తప్పని దూరంలో పెద్ద సెన్సర్ అదనపు వైశాల్యం పక్షి నుంచి వచ్చే వెలుగును పట్టదు. పక్షి నుంచి కెమెరాలోకి ఎంత వెలుగు వస్తుందన్నది లెన్సు తెరుచుకునే కంత వ్యాసం తేలుస్తుంది: 500ను 5.6తో భాగిస్తే 89 మిల్లీమీటర్లు. ఆ కంత మారనంత కాలం, ఆ దూరం మారనంత కాలం, రెండు బాడీలూ పిట్టను అదే వెలుగులో చూస్తాయి. పైగా 2023 ఏప్రిల్‌లో ఫొటోలు దిద్దే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో కృత్రిమ మేధతో నాయిస్ తీసే సదుపాయం వచ్చాక, ఐఎస్ఓ (వెలుగును పెంచి చూపే అమరిక) 3200 దగ్గర తీసిన నా పాత రా ఫైళ్లు (సెన్సర్ పట్టింది పట్టినట్టు దాచినవి) కొన్ని కొత్త ప్రాణం పోసుకున్నాయి. 2019 నాటి ఒక గూడబాతు (పెలికన్) ఫొటో, పిల్ల తల్లి నోట్లో ముక్కు పెట్టి చేపను అందుకుంటున్నది, అప్పట్లో పక్కన పెట్టినదాన్ని ఇప్పుడు అచ్చు వేయించి గోడకు తగిలించాను. దానికైన ఖర్చు నెల చందా మాత్రమే.

న్యాయంగా చెప్పాలంటే, బాడీ మార్చి దూరాన్ని గెలిచే మార్గం అసలు లేకపోలేదు. పిక్సెళ్లు మరింత చిన్నవిగా ఉన్న సెన్సర్ కొనడం. 2022లో వచ్చిన కానన్ ఆర్7లో 32.5 మెగాపిక్సెళ్లను చిన్న సెన్సర్‌లోనే ఇరికించారు. ఒక్కో పిక్సెల్ 3.2 మైక్రాన్లు. అదే 20 మీటర్ల లకుముకి, అదే 500 మిల్లీమీటర్ల దగ్గర, అందులో 1328 పిక్సెళ్లు వస్తుంది. మూడో వంతు లాభం, కాగితం మీద. కానీ దానికోసం నేను లెన్సుతో సహా కంపెనీనే మార్చుకోవాలి. ఆ వచ్చే మూడో వంతును కూడా మా పులికాట్ గాలి నాకు దక్కనిస్తుందన్న నమ్మకం లేదు.

ఈ గాలి సంగతి దగ్గర కొంచెం ఆగాలి. నా వంద ఫొటోల్లో 27 దీని పాలైనవే, అయినా కెమెరాల గురించిన చర్చల్లో దీన్ని తలచేవాళ్లు తక్కువ. పులికాట్ చాలా లోతు తక్కువ సరస్సు; సగటున ఒక మీటరు మించదు. ఎండ ఎక్కేకొద్దీ ఆ పలచని నీళ్లూ, బయటపడిన బురదనేలా, మధ్యలో తారురోడ్డూ ఒక్కోటి ఒక్కో వేగంతో వేడెక్కుతాయి. వాటి మీది గాలిపొరల సాంద్రతలో తేడా వచ్చి, వాటి గుండా వచ్చే వెలుగు అటూ ఇటూ వంగుతూ ఉంటుంది. కంటితో చూస్తే అది దూరాన ఎండమావిలా కనిపించే చిన్న కదలిక. 500 మిల్లీమీటర్లలోంచి చూస్తే రాజహంస మెడ రబ్బరుగొట్టంలా ఊగుతుంది. 250 మీటర్ల అవతల నిలబడిన రాజహంస, 1.3 మీటర్ల ఎత్తుదనుకుంటే, నా సెన్సర్ మీద 600 పిక్సెళ్ల పైచిలుకు ఉంటుంది. ముద్రించుకోవడానికి చిన్న పరిమాణంలో అది చాలు. కానీ ఆ పిక్సెళ్లలో ఉన్నది రాజహంస కాదు, రాజహంసకూ నాకూ నడుమ ఉన్న వేడిగాలి. అక్కడ పిక్సెళ్లను ఇంకా సన్నగా కోసేవాడికి దక్కేది ఆ వేడిగాలి వివరమే.

దీని గురించి నేను ఆలస్యంగా నేర్చుకున్నది ఒకటుంది. ఏసీ వేసుకుని వెళ్లి, అద్దం దించి, కారులోంచే లెన్సు బయటపెట్టి తీసేవాణ్ణి. లోపలి చల్లగాలీ బయటి వేడిగాలీ సరిగ్గా లెన్సు ముందే కలుసుకుంటాయి. నాలుగు సీజన్ల పాటు నేను లెన్సు పదును తగ్గిందనుకుని, ఒకసారి సర్వీసు చేయించాలని కూడా తీసుకెళ్లాను. ఇప్పుడు సరస్సు చేరడానికి అరగంట ముందే ఏసీ ఆపి అద్దాలన్నీ దించేస్తున్నాను. మా ఆవిడ చెమటలు తుడుచుకుంటూ "ఈ శిక్ష కూడా కెమెరా కోసమేనా అండీ?" అంటుంది. అవును, మూడు లక్షలు పెట్టినా రాని పదును ఈ చెమటతో కొంత వచ్చింది.

ఇంతవరకు చదివినవాళ్లు కొత్త బాడీల మీద నాకేదో కక్ష ఉందనుకోవచ్చు. లేదు. ఫిబ్రవరిలో చెన్నై నుంచి జెడ్8నూ, నా పాత లెన్సు దానికి తగిలించే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌నూ రెండు రోజులకు అద్దెకు తెచ్చాను. నేలపట్టు చెరువు నీళ్లలో నిలిచిన చెట్ల మీద గూడబాతులు పిల్లలకు మేత మోస్తున్న రోజులవి. ఎగిరొచ్చే గూడబాతు విషయంలో రెండు కెమెరాలకూ పెద్ద తేడా కనిపించలేదు. అది రెండు మీటర్ల రెక్కల పక్షి, నిదానంగా వస్తుంది, వెనక ఆకాశం తప్ప అడ్డు లేదు; డీ500లోని 153 ఫోకస్ బిందువులకు అంతకంటే తేలికైన పని ఉండదు. తేడా తెలిసింది కట్ట దిగువన, జమ్ములో. దుబ్బుల వెనక సగం దాగిన లకుముకిని నా కెమెరా పదిసార్లలో నాలుగైదుసార్లు వదిలేసి ముందున్న ఆకును పట్టుకునేది. పక్షులను గుర్తించే పద్ధతి, కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్ అయిన 2024 ఫిబ్రవరి ఫర్మ్‌వేర్‌తో వచ్చింది, పెట్టుకున్న జెడ్8 తల తిప్పిన పిట్ట కంటిని మళ్లీ మళ్లీ తనంతట తానే దొరికించుకుంది. నేను చేయాల్సిందల్లా చట్రంలో ఎక్కడ ఉంచాలో చూసుకోవడమే. ఏళ్లుగా బొటనవేలితో బిందువును జరుపుతూ గడిపినవాడికి అది ఎంత హాయిగా ఉంటుందో మాటల్లో పెట్టలేను.

అంతకంటే పెద్దది, షట్టర్ పూర్తిగా నొక్కక ముందటి క్షణాలను కూడా దాచిపెట్టే సదుపాయం. వేలు సగం నొక్కి ఉంచితే కెమెరా ఒక సెకను వెనకటి ఫొటోల దాకా తనలో పెట్టుకుంటుంది. పిట్ట లేచాక మనం నొక్కినా లేచే క్షణం చేతికొస్తుంది. మనిషి కన్ను చూసి వేలు కదలడానికి సెకనులో అయిదో వంతు పడుతుంది. లకుముకికి ఆ సమయం కొమ్మ వదిలి చట్రం దాటిపోవడానికి సరిపోతుంది. ఏడేళ్లలో నాకు ఒక్కసారీ దక్కని ఫొటో, కాళ్లు కొమ్మను వదిలి రెక్కలు ఇంకా పూర్తిగా విప్పుకోని లకుముకి, ఆ రెండు రోజుల్లో మూడుసార్లు దక్కింది. అవి రా ఫైళ్లు కావు, జేపెగ్‌లే. అయినా ఫొటో ఫొటోయే. ఈ విషయంలో పాత కెమెరాకు జవాబు లేదు.

చట్రం వెడల్పును కూడా ఒప్పుకోవాలి. 500 మిల్లీమీటర్ల దగ్గర నా కెమెరా చూసేది అడ్డంగా 2.7 డిగ్రీలు, ఫుల్‌ఫ్రేమ్ చూసేది 4.1. మెలికలు తిరుగుతూ ఎగిరే పిట్టను వ్యూఫైండర్‌లో మొదట దొరికించుకోవడం అందులో ఎంతో తేలిక. దూరం దగ్గర సున్నా లాభం ఇచ్చిన పెద్ద సెన్సర్ ఇక్కడ తన విలువ చూపిస్తుంది.

ఈ రెండు రోజుల అనుభవంలోంచి ఒక వాదం బయల్దేరింది, దాన్ని తోసిపుచ్చడం నాకు అన్నిటికంటే కష్టమైంది. పులికాట్ దగ్గర సెలవు రోజుల్లో కొందరు ఫొటోల కోసం బురదలోకి దిగి రాజహంసల వైపు నడుస్తారు. ఇంకొందరు అవి ఎగిరితే బాగుంటుందని చప్పట్లు కొడతారు. మేత మేస్తున్న గుంపు లేచి అర కిలోమీటరు అవతల వాలుతుంది, మళ్లీ అక్కడికి ఇంకొకడు బయల్దేరుతాడు. మంచి పరికరం ఉంటే మనిషి ఒడ్డునే ఉంటాడు కదా, లేచే క్షణాన్ని కెమెరాయే పట్టుకుంటుంటే పక్షిని లేపాల్సిన పనే ఉండదు కదా, అంటే కొత్త బాడీ కొనడం పక్షికి కూడా మేలు కదా అని నాకు నేనే వాదించుకున్నాను. అందులో సగం నిజం. ముందు క్షణాలను దాచే కెమెరా ఉన్నవాడికి చప్పట్లు అక్కర్లేదు. కానీ చప్పట్లు కొట్టేవాడి చేతిలో లేనిది కెమెరా కాదు, ఓపిక. అతడికి జెడ్8 ఇచ్చినా కొడతాడు. ఒడ్డునే ఉండడం విషయానికొస్తే, పైన వేసిన లెక్క మళ్లీ అడ్డం వస్తుంది. బాడీ దూరాన్ని పెంచుకోనివ్వదు. ఒడ్డు నుంచి ఇంకో అయిదడుగులు వెనక్కి నిలబడనిచ్చేది లెన్సు.

ఇక్కడికి వచ్చేసరికి నా ప్రశ్న తప్పుగా వేసుకున్నానని తెలిసింది. బాడీ మార్చాలా వద్దా అని కాదు, ఉన్న డబ్బు లెన్సులో పెట్టాలా, పెట్టెలో పెట్టాలా అని అడగాలి. 180-600 లెన్సును 600 దగ్గర ఎఫ్/6.3తో వాడితే కంత వ్యాసం 95 మిల్లీమీటర్లు. నా 89 కంటే అది పక్షి నుంచి పదమూడు, పద్నాలుగు శాతం ఎక్కువ వెలుగు తెస్తుంది, బొమ్మ పొడవును 1.2 రెట్లు చేస్తుంది. బరువు కూడా నా దానికంటే కొంచెం తక్కువే. నా వందలోని 38ని కొంతవరకైనా ముట్టుకునే వస్తువు ఇదొక్కటే. చిక్కేమిటంటే ఇది కొత్త మౌంటు (లెన్సు బాడీకి బిగిసే నోరు) లెన్సు. నా డీ500కు ఎక్కదు. నికాన్ పాత ఎఫ్ మౌంటు 1959 నుంచి వస్తున్నది, కొత్త జెడ్ మౌంటు నోరు వెడల్పు, లోతు తక్కువ. పాత లెన్సులను కొత్త బాడీకి అడాప్టర్‌తో తగిలించవచ్చు గానీ కొత్తవాటిని పాతదానికి తగిలించే దారి లేదు. కాబట్టి లెన్సు కోసం బాడీ కొనాలి. సుంకం కట్టి ఊళ్లోకి వెళ్లినట్టు.

సుంకమే అయినప్పుడు ఎక్కువ ఎందుకు కట్టాలి? 2024 నవంబరులో వచ్చిన జెడ్50-2 అనే చిన్న బాడీ ధర లక్ష లోపే. దాని సెన్సర్ నా డీ500 సెన్సర్ పరిమాణమే, పిక్సెళ్లూ అన్నే. 180-600తో, 20 మీటర్ల దూరంలోని అదే లకుముకి అందులో 1208 పిక్సెళ్లు వస్తుంది. జెడ్8లో అదే లెన్సుతో 1172. పక్షులను గుర్తించే ఫోకస్ ఉంది, ముందు క్షణాలను దాచే సదుపాయం కూడా ఉంది. బాడీ, లెన్సు రెండూ కలిపినా జెడ్8 బాడీ ఒక్కదాని విడుదల ధరకంటే తక్కువ. ఇందులో లోపాలు లేవని కాదు. సెన్సర్ నిదానంగా చదువుతుంది, అందుకే ఎలక్ట్రానిక్ షట్టర్‌లో కొట్టుకుంటున్న రెక్కలు వంకరపోతాయి. ముందు క్షణాల సదుపాయం ఆ షట్టర్‌తోనే పని చేస్తుంది కాబట్టి లకుముకి లేచే ఫొటో వచ్చినా రెక్క ఆకారం నమ్మదగ్గదిగా ఉండకపోవచ్చు. బ్యాటరీ చిన్నది, కార్డు ఒక్కటే, అంత పెద్ద లెన్సు ముందు పట్టు సరిపోదు. జెడ్8 మీద ఖర్చు పెట్టేవాళ్లు దేనికి పెడుతున్నారో ఈ లోపాల జాబితా చెబుతుంది: వేగంగా చదివే సెన్సర్‌కు, నమ్మకానికి. అడవుల్లో నెలల తరబడి తిరిగేవాళ్లకూ, పక్షుల ఎగురుడు మీదే మనసు పెట్టుకున్నవాళ్లకూ అది సరైన ఖర్చేనని నేను ఒప్పుకుంటాను. కూర్చున్న పిట్ట ఈకల వివరం కోసం నీళ్ల ఒడ్డున గంటలు గడిపే నాబోటివాడికి కాదు.

చిన్న విషయాలు కొన్ని. మిర్రర్‌లెస్‌లో, అంటే జెడ్8 లాంటి లోపల అద్దం లేని కెమెరాల్లో, వ్యూఫైండర్ చూడాలంటే కెమెరా వెలిగి ఉండాలి. డీ500లో కెమెరా ఆపేసి కూడా లెన్సును దుర్భిణిలా వాడుకుంటూ గంటసేపు గూళ్లను చూడవచ్చు, ఒక్క బ్యాటరీతో రెండు ఉదయాలు గడిచిపోతాయి. 45 మెగాపిక్సెళ్ల ఫైళ్లను సెకనుకు ఇరవై చొప్పున తెచ్చుకుంటే నా అయిదేళ్ల లాప్‌టాప్ ముందు అది మోయలేదు, తర్వాత నేను మోయలేను. వాటిలోంచి ఒక్కటి ఎంచుకోవడానికి ఆదివారాలు చాలవు.

పాత బాడీతో నేను చేయకుండా వదిలేసిన పనులు కూడా బయటపడ్డాయి, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా. ఒక్కో లెన్సుకూ ఫోకస్ సవరణను తనంతట తానే చేసుకునే సదుపాయం డీ500లో మొదటి నుంచీ ఉంది. అద్దం ఉన్న కెమెరాల్లో ఫోకస్ చూసే సెన్సర్ వేరు, ఫొటో పడే సెన్సర్ వేరు కాబట్టి రెండింటి మధ్య కొద్దిపాటి తేడా ఉండవచ్చు. మిర్రర్‌లెస్‌లో ఈ బెడదే లేదు. ఏడేళ్లు నేను ఆ మెనూ తెరవలేదు. మార్చిలో వరండాలో స్టాండు మీద పెట్టి, దినపత్రిక శీర్షికను గురిగా చేసుకుని సవరిస్తే, 500 దగ్గర నా ఫోకస్ ఇన్నాళ్లూ కొంచెం వెనక పడుతోందని తేలింది. ఆ 12లో తోక మీద ఫోకస్ పడిందని రాసుకున్నవి కొన్ని కెమెరా తప్పు కాదు, నా బద్ధకం.

కాబట్టి ఈ సీజనుకు బాడీ మార్చడం లేదు. డీ500 షట్టర్‌ను 2 లక్షల నొక్కులకు పరీక్షించారని కంపెనీ చెప్పింది. నాది 1 లక్షా 60 వేలు దాటింది. 2022లో ఈ కెమెరా తయారీ ఆగిపోయింది, షట్టర్ పోతే దాన్ని బాగు చేయించడానికి డబ్బు పెట్టను. ఆ రోజున కొనేది ముందు 180-600 లెన్సు, దాని వెనక సుంకంగా చవకగా దొరికిన బాడీ. అప్పటికి వాడిన జెడ్8లు అందుబాటు ధరకు దిగితే అది, లేకపోతే చిన్నది. మేనల్లుడికి ఈ లెక్కంతా ఫోనులో చెబితే, "నాకు ఎనిమిది మీటర్ల దూరం దొరికింది మామా, నువ్వు వచ్చే నెల నాతో రా" అన్నాడు. వెళ్తాను. హైడ్‌లో కూర్చోవడానికి కట్టే రుసుము లెన్సు వాయిదాకంటే ఎంతో తక్కువ.

అక్టోబరులో గూడబాతులు నేలపట్టుకు దిగేలోపు చేయాల్సినది ఒకటి మిగిలింది. ఆ 14 చేతి తప్పుల కోసం, కారు తలుపు మీదా కట్ట మీదా లెన్సును ఆనించుకోవడానికి ఒక సంచి కావాలి. మా వీధి చివర దర్జీకి పాత కాన్వాసు గుడ్డ ఇచ్చి, రెండు అరలుగా కుట్టమన్నాను. లోపల నింపడానికి ఇసుక బరువెక్కువ, బొరుగులు నలిగిపోతాయి. నేలపట్టు పక్క పొలాల్లో ఒకాయన రెండు కుంచాల వడ్లు ఇస్తానన్నాడు.